చలిలో నిలబడే ఘాటు: మగవాళ్ళ మసాలా పెర్ఫ్యూమ్ ఎంచుకోవడం గురించి

అందరికీ నమస్కారం అండి. వెనకాల వాళ్ళకి వినిపిస్తోందా? సరే. మాట్లాడ్డం మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేద్దాం. ప్రతి వరుస చివర కూర్చున్నవాళ్ళ చేతికి కాగితం ముక్కల కట్టలు రెండు ఇచ్చాను, ఒక కట్ట మీద 1 అని, ఇంకోదాని మీద 2 అని రాసుంది, పక్కవాళ్ళకి ఇస్తూ పోండి, అందరికీ రెండేసి రావాలి. ఇప్పుడే స్ప్రే చేసి తెచ్చినవి, ఇంకా తడి ఉంది. ముక్కుకి ఆనించకండి, రెండంగుళాల దూరంలో పెట్టుకుని మామూలుగా ఒక్కసారి పీల్చండి చాలు, గట్టిగా ఎగబీలిస్తే ముక్కు మొద్దుబారిపోతుంది. మొదట ఒకటి, కాస్త ఆగి రెండోది.

అయిందా? ఇప్పటికిప్పుడు కొనుక్కోమంటే ఏది కొంటారు? ఒకటో నంబరు వాళ్ళు చెయ్యెత్తండి. చాలామందే ఉన్నారు, ముప్పావు హాలు. రెండో నంబరు? అక్కడ నలుగురు, ఇక్కడ పెద్దాయన ఒకరు. బాగుంది. ఆ కాగితాలు పారెయ్యకండి, ఒకదానికొకటి తగలకుండా ఒళ్ళో పెట్టుకోండి, చివర్లో వాటితో మళ్ళీ పనుంది.

నేను మొదటిసారి ఘాటు పెర్ఫ్యూమ్ కొన్నది కూడా సరిగ్గా మీరిప్పుడు చేసినట్టే. షాపులో వెచ్చగా ఉంది, అమ్మే అబ్బాయి కాగితం మీద కొట్టి ముక్కు దగ్గర ఊపాడు, మిరియాలు, అల్లం, నారింజ తొక్క కలిసి గుప్పుమంది, ఒళ్ళు ఝల్లుమంది, ఇంకేం ఆలోచించకుండా పెద్ద సీసానే తీసుకున్నా. మర్నాడు పొద్దున చలిలో వేసుకుని బయల్దేరా, అరగంట నడిచేసరికి ఏమీ లేదు, చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏదో తియ్యటి పొడిలాంటి వాసన తప్ప నేను కొన్న వాసన లేదు. సరిపోలేదేమో అనుకుని రోడ్డు మీదే ఇంకో నాలుగు సార్లు కొట్టుకున్నా. ఆఫీసుకెళ్ళి కోటు తీసి తలుపులేసిన చిన్న గదిలో కూర్చున్న పది నిమిషాలకి మొత్తం ఒక్కసారి లేచింది. ఎదురుగా కూర్చున్నావిడ ఏమీ అనలేదు, మెల్లిగా లేచి కిటికీ తీసింది, అంత చలిలో. ఆ కిటికీ తీసిన చప్పుడు నాకింకా గుర్తే. ఆ రోజు రెండు తప్పులు చేశాను, ఒకటి కొనేటప్పుడు, రెండోది వేసుకునేటప్పుడు. ఈ రోజు నేను చెప్పేదంతా ఆ రెండు తప్పుల చుట్టూనే తిరుగుతుంది.

ముందు మాట దగ్గర ఒక సంగతి తేల్చుకుందాం. ఘాటు అనే మాటని మనం మూడు రకాలుగా వాడేస్తాం. ముక్కుపుటాలు అదిరితే ఘాటు అంటాం, గదంతా నిండితే ఘాటు అంటాం, పొద్దున వేసుకున్నది రాత్రికి కూడా ఉంటే అబ్బో ఘాటు అంటాం. కానీ ఈ మూడూ వేరు వేరు గుణాలు. మొదటిది మసాలా గుణం, రెండోది పాకే గుణం, దాన్ని పెర్ఫ్యూమ్ పిచ్చి ఉన్నవాళ్ళు ప్రొజెక్షన్ అంటారు, మనిషి వెళ్ళిపోయాక వెనక మిగిలే జాడని సియాజ్ అంటారు, మూడోది నిలిచే గుణం. షాపుకెళ్ళి ఘాటైంది చూపించండి అంటే ఎదుటి మనిషి వీటిలో ఏదో ఒకటి అర్థం చేసుకుని చూపిస్తాడు, మనకి కావాల్సింది ఇంకోటి అయి ఉంటుంది. చలికాలానికి వీటిలో అన్నిటికంటే ముఖ్యమైంది నిలిచే గుణం అని నా గట్టి నమ్మకం, ఎందుకంటే చలి ముందు దెబ్బ కొట్టేది మిగతా రెండింటినే.

ఎలా కొడుతుందో చూద్దాం. వాసన అంటే ఏంటి, ద్రవంలోంచి ఎగిరి గాలిలో కలిసి మన ముక్కు దాకా వచ్చే అణువులు, అంతే. ఎగరాలంటే వాటికి వేడి కావాలి. సుగంధ పదార్థాల్లో చాలావాటికి వేడి 10 డిగ్రీలు తగ్గితే ఎగిరే గుణం రమారమి సగానికి పడిపోతుంది. అంటే 30 డిగ్రీల్లో కాగితం మీంచి లేచినంత వాసన 10 డిగ్రీల్లో లేవదు, దాదాపు నాలుగో వంతే లేస్తుంది. ఒంటి మీద అయితే మన ఒంటి వేడి కొంత కాపాడుతుంది కానీ చలిలో చేతుల చర్మం కూడా చల్లబడిపోతుంది కదా. దానికి తోడు చలిగాలి పొడిగా ఉంటుంది, చర్మం ఎండిపోయి బీటలు వారినట్టు అవుతుంది, పొడి చర్మం మీద సెంటు నిలవదు, పైగా ముక్కు లోపల కూడా పొడిబారి, జలుబు చేసి, మన పసిగట్టే శక్తే తగ్గుతుంది. ఇన్ని దెబ్బలు కలిసి పడేసరికి నిమ్మ, నారింజ, సముద్రపు గాలి తరహా పెర్ఫ్యూమ్‌లు చలికాలంలో పలచగా, నీళ్ళు కలిపినట్టు అనిపిస్తాయి. అవి చెడ్డవని కాదు, వాటిని కట్టిందే వేడి కోసం. చలిలో నిలబడాలంటే అణువులు బరువుగా ఉండాలి, నెమ్మదిగా లేవాలి, లేచింది మాత్రం గాలిలో స్పష్టంగా తెలియాలి. మసాలాలు, వాటి కింద ఉండే బంకలు, కట్టెలు, వెనీలా ఈ పని చేస్తాయి. ఒక అంచనాకి మరుగు ఉష్ణోగ్రతలు చూడండి, నారింజ తొక్కలో ఉండే లిమొనీన్ 176 డిగ్రీల దగ్గర మరుగుతుంది, లవంగంలోని యూజినాల్ 254 దగ్గర, వెనీలాలోని వెనిలిన్ 285 దగ్గర. మన చేతి మీద ఏదీ మరగదు, కానీ ఏది ముందు పారిపోతుందో ఏది చివరిదాకా కూర్చుంటుందో ఈ అంకెలు చూస్తే తెలుస్తుంది.

మసాలాల సంగతికి వద్దాం, నాకు చాలా ఇష్టమైన భాగం ఇది.

ఇదిగో నా చేతిలో ఒక లవంగం ఉంది. ముందు వరుసలో వాళ్ళకి కనిపిస్తుంది, పైన చిన్న బుడిపె, దాని చుట్టూ నాలుగు రెక్కల కిరీటం, కింద కాడ. ఊరికే పట్టుకుంటే పెద్దగా వాసన లేదు. ఇప్పుడు ఈ కాడని గోటితో గట్టిగా నొక్కుతున్నా, చూడండి, గోరు పడిన చోట సన్నగా నూనె తడి మెరుస్తోంది. ఆ నూనెలో నూటికి 70 నుంచి 90 వంతులు యూజినాల్ ఒక్కటే. పంటి డాక్టర్ దగ్గర వచ్చే వాసన ఇదే, ఎందుకంటే పంటి నొప్పికి, తాత్కాలికంగా పన్ను పూడ్చడానికి దీన్నే వాడతారు. అందుకే కొంతమందికి లవంగం ఎక్కువున్న పెర్ఫ్యూమ్ పీలిస్తే డాక్టర్ కుర్చీ గుర్తొస్తుంది, మీకూ అలా అయితే బలవంతంగా అలవాటు చేసుకోవక్కర్లేదు, వేరే మసాలాకి వెళ్ళిపోండి. కానీ లవంగానికి ఒక గొప్ప గుణం ఉంది, అది మొదట్లో పొడిచినట్టు ఉన్నా గంట తర్వాత మెత్తబడి తియ్యగా తిరుగుతుంది. ఎందుకు తిరుగుతుందో కాసేపట్లో చెప్తా.

మిరియం కథ వేరు. మిరియం అనగానే మనకి నాలుక మీద మంట గుర్తొస్తుంది, ఆ మంట పెట్టేది పైపరిన్, కానీ అది ఆవిరితో పాటు లేవదు. మిరియాల్ని ఆవిరి పట్టి నూనె తీస్తే మంట అంతా గింజలోనే మిగిలిపోతుంది, నూనెలోకి వాసన మాత్రమే వస్తుంది, పొడిగా, కట్టెలాగా, కాస్త నిమ్మ మెరుపుతో. కాబట్టి పెర్ఫ్యూమ్‌లో మిరియం ముక్కుని మండించదు, మెరుపు తెస్తుంది, ఆ మెరుపు తొందరగానే ఆరిపోతుంది. ఇంకో సంగతి, మిరియాలకి ఆ మిరియాల వాసన ఇచ్చే ముఖ్యమైన అణువుల్లో ఒకటైన రొటుండోన్‌ని 2008లో కనిపెట్టారు, అప్పుడే తేలింది ఏంటంటే అయిదుగురిలో ఒకరికి అది దాదాపు తెలియదు అని. ఈ హాల్లో కూడా అలాంటివాళ్ళు ఉంటారు. అందుకే ఒకరు ఆహా మిరియాలు అంటుంటే పక్కవాడికి ఏమీ అనిపించకపోతే అబద్ధమాడుతున్నట్టు కాదు, ఇద్దరి ముక్కులూ నిజమే చెప్తున్నాయి. ఇంకొకరి మాట విని పెర్ఫ్యూమ్ కొనకూడదని నేను అనేది ఇందుకే. ఇక డబ్బాల మీద పింక్ పెప్పర్ అని రాస్తారు చూశారా, అది అసలు మిరియం జాతే కాదు, మామిడి, జీడిమామిడి కుటుంబంలో చెట్టు, గులాబీలా తేలిగ్గా ఉంటుంది, చలిలో ఒంటరిగా నిలబడలేదు.

దాల్చినచెక్క అన్నిటికంటే తొందరగా తెలిసిపోయే వాసన, దాని నూనెలో సగానికి పైగా సినమాల్డిహైడ్. ఇది వాసన నరాన్నే కాదు, మంటని చలిని కనిపెట్టే ట్రైజెమినల్ నరాన్ని కూడా తాకుతుంది, అందుకే పీలిస్తే నిజంగా వెచ్చగా అనిపిస్తుంది, అది ఊహ కాదు. యాలకులు దీనికి పూర్తిగా ఎదురు. యాలకుల్లో ఉండే సినియోల్ నీలగిరి తైలంలో కూడా ఉంటుంది, అందుకే యాలకులు మసాలానే అయినా చల్లగా, శుభ్రంగా, ఊపిరి తెరుచుకున్నట్టు ఉంటాయి. అల్లం కూడా కాస్త ఇటువైపే, జాజికాయ మధ్యలో. కుంకుమపువ్వు వాసన తోలులాగా, కొంచెం లోహంలాగా ఉంటుంది, పెర్ఫ్యూమ్‌లో ఎక్కువగా ల్యాబ్‌లో చేసిందే వాడతారు, అందులో తప్పేం లేదు. ఇలా మసాలాల్ని వేడివి, చల్లనివి అని రెండు గుంపులుగా మనసులో పెట్టుకుంటే చాలు, సగం ఎంపిక అయిపోయినట్టే. ఎముకలు కొరికే చలిలో ఎక్కువసేపు బయట తిరిగే పనైతే వేడి మసాలా, ఎక్కువసేపు నలుగురితో గదిలో కూర్చునే పనైతే చల్లని మసాలా.

కానీ, ఈ మాట గట్టిగా చెప్పాలి, మసాలా ఒక్కటే ఉంటే పెర్ఫ్యూమ్ కాదు. మసాలా మాట్లాడేది మొదటి గంట, గంటన్నర. ఆ తర్వాత రోజంతా మీ ఒంటి మీద ఉండేది దాని కింద పరిచిన అడుగు, బేస్ అంటారు. అక్కడ ఏముంటాయంటే లాబ్డనం అని సిస్టస్ అనే పొద ఆకుల మీద పట్టే జిగురు, బెంజోయిన్, అంటే మన సాంబ్రాణి, వెనీలా, వెనీలాలాగే తియ్యగా ఉండే టోంకా గింజ, ప్యాచౌలీ అనే ఆకు, వట్టివేరు, దేవదారు, పొగాకు ఆకు, తోలు వాసన. లాబ్డనం, సాంబ్రాణి, వెనీలా మూడూ కలిపి కట్టిన వాసననే పెర్ఫ్యూమ్ లోకంలో ఆంబర్ అంటారు, అది ఒక్క వస్తువు పేరు కాదు, కలిపి కట్టిన వాసన పేరు. ఇందాక లవంగం తియ్యగా తిరుగుతుంది అన్నాను కదా, యూజినాల్, వెనిలిన్ రసాయనంగా చాలా దగ్గర చుట్టాలు, ఎంత దగ్గరంటే ఒకప్పుడు లవంగం నూనెలోంచి తీసిన యూజినాల్‌నే మార్చి వెనిలిన్ తయారుచేసి అమ్మేవాళ్ళు. అందుకే లవంగం ఆరిపోతున్న చోట వెనీలా మొదలైతే మనకి అతుకు కనిపించదు, ఒకటే వాసన మెత్తబడినట్టు ఉంటుంది. అదే మిరియం కింద నేరుగా వెనీలా పెడితే అతుకు తెలుస్తుంది, నేను కొన్న మొదటి సీసాలో జరిగింది అదే, పైన మెరుపు పోగానే కింద సంబంధం లేని తియ్యటి పొడి మిగిలింది. మంచి పనివాడైతే మిరియం కింద దేవదారో వట్టివేరో పెడతాడు, ఎండు వాసన కింద ఎండు వాసన, అప్పుడు కుదురుతుంది. మీరు పెర్ఫ్యూమ్ చూసేటప్పుడు ఈ అతుకు కోసం వెతకండి. మసాలా తగ్గుతున్నప్పుడు వచ్చేది దాని చుట్టంలా ఉందా, పరాయిదానిలా ఉందా.

కొన్ని పేర్లు చెప్పమంటారని తెలుసు. ఇవి కొనమని చెప్పట్లేదు, ఎక్కడైనా దొరికితే వాసన చూస్తే చదువుకున్నట్టు ఉంటుందని చెప్తున్నా. మగవాళ్ళ ఓల్డ్ స్పైస్ 1938లో వచ్చింది, దానికి ముందు ఏడాది అదే పేరుతో ఆడవాళ్ళకి తెచ్చారు, లవంగం, కార్నేషన్ పువ్వు, దాల్చినచెక్క, కింద వెనీలా, ఇప్పటికీ మసాలా పెర్ఫ్యూమ్ అంటే సగం ప్రపంచానికి మొదట గుర్తొచ్చే పేరు అదే. 1965లో గెర్లాన్ వాళ్ళ అబీ రూజ్, జాన్ పాల్ గెర్లాన్ కట్టింది, పైన నిమ్మజాతి వెలుగు, కింద తోలు, వెనీలా, మగవాళ్ళ పెర్ఫ్యూమ్‌లో అంత తియ్యదనం పెట్టొచ్చని చూపించింది. 1990లో షనెల్ వాళ్ళ ఎగోయిస్ట్, దాల్చినచెక్కని గంధం మీద కూర్చోబెట్టిన తీరు చూడాలి, నాకు ఈ మొత్తం జాతిలో అతుకు అన్నిటికంటే తక్కువ కనిపించేది అందులోనే. 1995లో లె మాల్, పుదీనా, లావెండర్, దాల్చినచెక్క, వెనీలా. 1998లో కార్టియే వాళ్ళ డిక్లరేషన్, జాన్ క్లోద్ ఎలెనా కట్టింది, యాలకులు అంటే ఏంటో ముక్కుకి నేర్పాలంటే దాన్ని మించింది లేదు. 2009లో లా నుయీ ద లోమ్, అదీ యాలకులే కానీ మెత్తగా, రాత్రిపూటకి. 2012లో విక్టర్ అండ్ రోల్ఫ్ వాళ్ళ స్పైస్‌బాంబ్, సీసానే చేతిబాంబు ఆకారంలో ఉంటుంది, ఒలివియే పోల్జ్ కట్టాడు, దాల్చినచెక్క, కుంకుమపువ్వు, పొగాకు, తోలు, ఇప్పుడు చలికాలం పెర్ఫ్యూమ్ అడిగితే కుర్రాళ్ళు చెప్పే పేర్లలో ఇదొకటి. వీటిలో ఏది వాసన చూసినా రెండేసి గంటలు టైమివ్వండి, అయిదు నిమిషాల్లో మార్కులు వెయ్యకండి.

డబ్బా మీద రాతల గురించి ఒక్క ముక్క. ఒ ద టాయిలెట్ అంటే మామూలుగా నూటికి 5 నుంచి 15 వంతుల సుగంధం, ఒ ద పర్ఫమ్ అంటే 15 నుంచి 20, పర్ఫమ్ అంటే ఇంకా పైన, కానీ ఇవి చట్టం పెట్టిన గీతలు కావు, కంపెనీని బట్టి మారతాయి. ఇంటెన్స్, ఎక్స్‌ట్రీమ్ అనేవి పేర్లే, కొలతలు కావు, చాలాసార్లు లోపల వంటకమే మార్చి ఆ పేరు పెడతారు. ఇంటెన్స్ అంటే అదే వాసన ఇంకా గట్టిగా అనుకుని చూడకుండా కొనొద్దు.

ఇక ఎలా చూడాలి. మొదట కాగితం మీద, అయిదారు కంటే ఎక్కువ వద్దు, ముక్కు అలిసిపోతుంది. మధ్యలో కాఫీ గింజలు వాసన చూడమంటారు, మామూలు గాలి పీల్చుకున్నా సరిగ్గా అంతే పని జరుగుతుంది, లేదంటే మీ మోచేతి మడతలో మీ ఒంటి వాసన పీల్చండి, ముక్కు ఇంటికొచ్చినట్టు అవుతుంది. కాగితం మీద నచ్చిన రెండింటిని మాత్రమే ఒంటి మీదకి తీసుకోండి, ఒక చేతికి ఒకటి, మణికట్టు కంటే కాస్త పైన, మణికట్టు మాటిమాటికీ కడుగుతాం కదా. రెండు చేతులూ కలిపి రుద్దకండి, రుద్దితే వేడికి పైన ఉన్నది తొందరగా ఎగిరిపోతుంది. అక్కణ్ణుంచి షాపులో నిలబడకండి, ఇది చలికాలం పెర్ఫ్యూమ్ విషయంలో అందరూ మర్చిపోయేది, బయటికి వచ్చెయ్యండి. చలిలో ఇరవై నిమిషాలు నడవండి, అప్పుడు చూడండి, తర్వాత ఏదైనా వెచ్చటి గదిలోకి వెళ్ళి అప్పుడు చూడండి, మూడు గంటలయ్యాక చూడండి, రాత్రి పడుకునే ముందు చూడండి. షాపు వేడిలో బ్రహ్మాండంగా ఉండి బయట చచ్చిపోయేవి ఉన్నాయి, షాపులో మొరటుగా, బరువుగా, మందు సీసాలా అనిపించి బయటి చలిలో అద్భుతంగా విచ్చుకునేవి ఉన్నాయి, ఈ రెండో రకాన్నే మనం వెతుకుతున్నాం. వీలుంటే చిన్న శాంపిల్ సీసా తీసుకుని ఒక వారం వేసుకోండి. ఒక స్ప్రేకి దాదాపు 0.1 మిల్లీలీటరు పడుతుంది, 2 మిల్లీలీటర్ల శాంపిల్‌లో ఇరవై స్ప్రేలు వస్తాయి, రోజుకి మూడు చొప్పున వారం రోజులు దాదాపు సరిపోతుంది. వారంలో ఒక్క రోజైనా వేసుకోవాలనిపించక పక్కన పెట్టారంటే ఆ పెర్ఫ్యూమ్ మీది కాదు.

కొనడం అయింది, ఇప్పుడు వేసుకోవడం. నా రెండో తప్పు ఇక్కడిది. చలిలో బయట వాసన తక్కువగా తెలుస్తుంది కాబట్టి ఇంకా కొట్టాలనిపిస్తుంది, కానీ కొట్టింది ఎక్కడికీ పోలేదు, చర్మం మీద, స్వెటర్ లోపల, కోటు కింద పొంచి ఉంది. వెచ్చటి గదిలోకి వెళ్ళి కోటు తీయగానే ఒంటి వేడితో పాటు అదంతా ఒక్కసారి బయటికి వస్తుంది. కాబట్టి ఎన్ని స్ప్రేలు అనేది బయటి చలిని చూసి లెక్కపెట్టకూడదు, ఆ రోజు మీరు వెళ్ళబోయే అన్నిటికంటే వెచ్చటి, అన్నిటికంటే ఇరుకైన గదిని తల్చుకుని లెక్కపెట్టాలి. రోజంతా బయటే అయితే నాలుగైనా పర్లేదు, బస్సు, కారు, లిఫ్టు, మీటింగ్ ఉంటే రెండు చాలు, ఛాతీ మీద ఒకటి, మెడ వెనక ఒకటి. దానికి ముందు వాసన లేని మాయిశ్చరైజర్ రాసుకోండి, తడి ఉన్న చర్మం మీద ఎక్కువసేపు పట్టి ఉంటుంది. మీకు మీ వాసన తెలియకపోతే ఎదుటివాళ్ళకీ తెలియట్లేదు అనుకోకండి, ముక్కు అలవాటు పడిపోయింది అంతే, పావుగంట అరగంటలోనే అలవాటు పడిపోతుంది. ఎక్కువైందో లేదో మీ దగ్గర మొహమాటం లేని మనిషిని ఒకరిని అడగండి. ఆస్తమా, మైగ్రేన్ ఉన్నవాళ్ళకి ఈ వేడి మసాలాలు నిజంగా కష్టం కలిగిస్తాయి, హాస్పిటల్‌కి ఎవరినైనా చూడ్డానికి వెళ్ళే రోజు అసలు వేసుకోకండి.

చర్మం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మసాలాలు పూలలా సాధువులు కావు. దాల్చినచెక్క, లవంగం రెండూ కొంతమంది చర్మానికి పడవు, ఎర్రగా దద్దుర్లు వస్తాయి, ఒకసారి పడకపోతే తర్వాత ఎప్పుడూ పడదు. పెర్ఫ్యూమ్ పరిశ్రమ వాళ్ళ సంస్థ ఇఫ్రా, 1973లో పెట్టింది, వీటిని ఎంతవరకు వాడొచ్చో హద్దులు పెట్టింది, పాత మసాలా పెర్ఫ్యూమ్‌లు ఇప్పుడు మెత్తబడ్డాయి అని పెద్దవాళ్ళు అంటుంటారు కదా, దానికి ఇదొక కారణం. యూరప్‌లో 2003లో పెట్టిన నియమం 26 పదార్థాల్ని డబ్బా మీద పేరు పెట్టి రాయాలంది, 2023లో ఆ జాబితాని ఇంకా పెంచారు, ఆ పేర్లలో యూజినాల్, సినమాల్, అంటే ఇందాకటి సినమాల్డిహైడ్, ఉన్నాయి, మీ చర్మం సున్నితం అయితే ఆ చిన్న అక్షరాలు చదవండి. గడ్డం గీసుకున్న వెంటనే మెడ మీద కొట్టొద్దు, అప్పుడు చర్మం పైపొర లేచిపోయి ఉంటుంది, నేను ఒకసారి కొట్టుకుని సాయంత్రం దాకా మంటతో ఉన్నా. లవంగం నూనె, దాల్చిన నూనె కొని నేరుగా ఒంటికి రాసుకునేవాళ్ళు ఉన్నారు, దయచేసి ఆ పని చెయ్యకండి.

ప్రశ్నలేమన్నా ఉన్నాయా? అక్కడ తమ్ముడు చెయ్యెత్తాడు. వినిపించనివాళ్ళకి నేను చెప్తా, ఇప్పటిదాకా తేలికపాటివే వాడాను, మసాలా అంటే భయంగా ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి అంటున్నాడు. యాలకులతో మొదలుపెట్టు తమ్ముడూ. ఇప్పటిదాకా వాడిన శుభ్రమైన వాసనలకి అదే దగ్గర, ఒక చలికాలం దాంతో గడిపితే ముక్కు తయారవుతుంది, మరుసటి ఏడాదికి దాల్చినచెక్క, లవంగం వాటంతట అవే పిలుస్తాయి. నేరుగా పొగాకు, తోలు దాకా దూకితే మాత్రం మొదటి రోజే విరక్తి పుడుతుంది.

ఇక్కడ పెద్దాయన, సీసాలో రంగు గోధుమ రంగుకి తిరిగింది పాడైనట్టా అని అడుగుతున్నారు. వెనీలా ఎక్కువ ఉన్నవి కాలం గడిచేకొద్దీ ముదురు రంగుకి తిరుగుతాయండి, అది వెనిలిన్ గుణం, రంగు చూసి భయపడొద్దు, వాసన చూడండి, పుల్లగా, వార్నిష్‌లా అనిపిస్తే అప్పుడు పోయినట్టు. ఎండ తగలకుండా, బాత్రూమ్‌లో కాకుండా, దాని డబ్బాలోనే పెట్టి బీరువాలో పెట్టుకుంటే ఏళ్ళ తరబడి ఉంటుంది. ఇంకో మాట, అలా ముదిరిన పెర్ఫ్యూమ్ తెల్ల చొక్కా మీద కొడితే మరక పడుతుంది, ఉన్ని స్కార్ఫ్ లోపలి వైపు ఒక స్ప్రే అయితే మంచిది, ఉన్ని వాసనని రోజుల తరబడి పట్టుకుంటుంది. అందుకే ఆ స్కార్ఫ్ మీద రోజుకొక పెర్ఫ్యూమ్ కొట్టకండి, అన్నీ కలిసిపోతాయి.

సరే, ఇప్పుడు ఒళ్ళో ఉన్న కాగితాలు తీయండి. ముప్పావుగంట అయింది. మొదట ఒకటో నంబరు చూడండి. ఇందాక అదిరిపోయింది కదా, ఇప్పుడు ఎలా ఉంది? ఏదో సబ్బు లాగా అని అక్కడ ఎవరో అంటున్నారు, అవును, అందులో పైన పింక్ పెప్పర్, అల్లం, నిమ్మజాతి, అవన్నీ వెళ్ళిపోయాయి. ఇప్పుడు రెండోది. తొందరపడకండి, నెమ్మదిగా. ఇందాక మందులా ఉందని ఎవరో పక్కన పెట్టేశారు, అందులో లవంగం, జాజికాయ, కింద లాబ్డనం, సాంబ్రాణి, కాస్త వెనీలా. లవంగం ఎక్కడ అయిపోయిందో, సాంబ్రాణి ఎక్కడ మొదలైందో పట్టుకోవడానికి చూడండి. మళ్ళీ చెయ్యెత్తమంటాను, ఇప్పుడు రెండోది కొనేవాళ్ళు? చూడండి, చేతులు ఎన్ని లేచాయో.

అయినా ఇప్పుడు కూడా తేల్చుకోవద్దు. రెండు కాగితాలూ విడివిడిగా కోటు జేబుల్లో పెట్టుకోండి, కుడివైపు ఒకటి, ఎడమవైపు రెండు. బయటికి వెళ్ళి చలిలో నిలబడి ఒకసారి చూడండి, ఇంటికెళ్ళి ఒకసారి, పొద్దున లేవగానే ఒకసారి. వాటి అసలు పేర్లు కాగితం చివర మడిచి అతికించిన చోట లోపల రాసున్నాయి, రేపు పొద్దున్న చూసేదాకా ఆ మడత విప్పకండి.